నవ్వింది ఎవర్ని చూసి?

ఎదుటివాడి తెలివితక్కువతనం చూసి నవ్వితే, అది మనలో లేనట్టేనా?

ఈమధ్య ఓ ఫ్రెంచి హాస్యచిత్రం చూశాను. 2006లో మిషెల్ అజానవిసియూస్ తీసిన 'ఓఎస్ఎస్ 117: కైరో, గూఢచారుల గూడు'. కథాకాలం 1955. ఫ్రాన్సు గూఢచారి ఒకడు కైరోలో దిగుతాడు. జాన్ దుజార్దాన్ వేశాడా వేషం. మనిషి అందగాడు, సూటు నలగదు. బుర్ర సంగతే చెప్పుకోకూడదు!

సూయజ్ కాలువ చూసి, నాలుగు వేల ఏళ్ళ కిందటే తవ్వించిన ఫారోలది ఎంత ముందుచూపో అని మెచ్చుకుంటాడు. అది తవ్వి ఎనభై ఆరేళ్ళేనని పక్కనున్న ఈజిప్టు అమ్మాయి లార్మినా చెప్పాల్సి వస్తుంది. తెల్లవారుజామున అజాన్ వినిపించి నిద్ర చెడితే, ఆ కేకలేమిటని ఎవర్నీ అడగడు. మసీదు ఎక్కి ఆ పిలిచే మనిషి నోరు మూయించి వస్తాడు. అక్కడి పనివాళ్ళకి తమ దేశాధ్యక్షుడు రెనె కోటీ ఫోటో బహుమానంగా ఇచ్చి మురిసిపోతాడు.

చిత్రమేమిటంటే, వాడు తనని తాను మంచివాడిననే అనుకుంటాడు. పరాయి పాలన అంటే తుపాకులే కాదు కదా! 'నీకేం కావాలో నిన్నడగకుండానే నాకు తెలుసు' అనే ధీమా కూడా. 1956 జూలై 26న నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేసినప్పుడు దెబ్బ తిన్నది ఆ ధీమాయే.

ఫోటో దృశ్యం దగ్గర పడీపడీ నవ్వుతుంటే, ఇల్లు తుడుస్తున్న మా పనిమనిషి, "ఏంటమ్మగారూ అంత నవ్వు?" అంది. చెప్పాను.

"ఫోటో ఏం చేసుకుంటారమ్మగారూ? ఇచ్చినాయనకి బావుంటుంది గానీ!" అని, మళ్ళీ తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

నా నవ్వు ఆగిపోయింది.

పోయిన సంక్రాంతికి ముందు, కొడుకు ఫీజు కట్టాలి, రెండు నెలల జీతం ముందుగా ఇమ్మని అడిగిందామె. "చూద్దాంలే" అన్నాను. పండగనాడు మాత్రం నా పాత పట్టుచీర ఒకటి మడత పెట్టి చేతిలో పెట్టాను. ఎంత మంచిదాన్నో అని ఆ రోజంతా నాకు నేనే మురిసిపోయాను. చీర ఆమె కట్టగా ఎన్నడూ చూడలేదు. చెవుల దిద్దులు మాత్రం ఆ నెల్లోనే మాయమయ్యాయి. చూశాను. ఎందుకని అడగలేదు.

కైరోలో వాడిచ్చింది ఫోటో. నేనిచ్చింది చీర. ఏమిటండీ తేడా?

అలాంటి వాడిని చూసి నవ్వడం మంచిదే. కానీ నవ్వి ఊరుకుంటే, వాడు ఆ తెర మీదే ఉన్నాడనుకుని నిశ్చింతగా నిద్రపోతాం.

సినిమా సగంలో ఆపేసి వంటింట్లోకి వెళ్ళాను. "ఆ దిద్దులు ఎంతకి కుదువ పెట్టావు?" అని అడిగాను. ఆమె చటుక్కున తలెత్తింది. చెవులకి చీపురు పుల్లలే ఉన్నాయి.