పేరు పట్టుకొని నిలిచినవాడు

ధ్యాన భాగములు: యోహాను 14:1–3, 10:3–5



పై వచనములను మొదట మీ ఇంటివారందరు వినునట్లు చదువుడి. పిమ్మట మేము వ్రాయు ఈ సంగతి ఆలకించుడి. ఇందులో మేము అతిశయించుటకు ఏమియు లేదు. మా అల్పవిశ్వాసమును ఒప్పుకొనుటకే వ్రాయుచున్నాము.

2019వ సంవత్సరము నవంబరు నెలలో మేము మా సంఘపు పెద్ద ఒకరితో కూడ యొర్దాను దేశమునకు వెళ్లితిమి. ఆయన డెబ్బది ఏండ్లు దాటిన రైతు, చదువు రానివారు. ఆయన చిన్న కుమారుడు అక్కడ మృత సముద్రపు ఒడ్డున, యాత్రికులు విడిది చేసెడి ఒక హోటలులో వంటపని చేయుచుండెను. తండ్రికి యొర్దాను నదిని చూపవలెనని అతని కోరిక. తండ్రి ఒంటరిగా రాలేడు గనుక మాకును టిక్కెట్టు పంపెను.

విమానము దిగు చోటు అమ్మాను పట్టణమునకు దక్షిణముగా నున్న క్వీన్ ఆలియా విమానాశ్రయము. అక్కడనుండి సముద్రపు ఒడ్డుకు కారులో ఇంచుమించు గంట ప్రయాణము. ఆ రాత్రి కుమారునికి పనినుండి సెలవు దొరకలేదు. అందుచేత అతడు ముందుగానే ఒక టాక్సీ మాటలాడెను. విమానపు నంబరు, దిగు తేదీ, గంట, మనుష్యులెందరు, పెట్టెలెన్ని, చేరవలసిన హోటలు ఏది, ఇవన్నియు వ్రాయించి బాడుగ కూడ కట్టెను. తరువాత ఫోనులో తండ్రితో, "నాన్నా, బయటికొచ్చే గుమ్మం దగ్గర నీ పేరు రాసిన అట్ట పట్టుకొని ఒకాయన ఉంటాడు. ఆయనతోనే రా. ఇంకెవరి కారూ ఎక్కొద్దు" అని చెప్పెను.

మేము గల్ఫులో విమానము మారవలసియుండెను. ఆ రెండవ విమానము మూడు గంటలు ఆలస్యమాయెను. రాత్రి పది గంటలకు దిగవలసినవారము ఒంటిగంట దాటిన పిమ్మట దిగితిమి. తేదీయే మారిపోయెను. మా ఫోను ఆ దేశములో పలుకలేదు. ఇంతసేపు ఏ డ్రైవరు నిలిచియుండునని మా మనస్సు కలత చెందెను.

బయటికి రాగానే ఒక మనుష్యుడు చిరునవ్వుతో ఎదురుపడి, "ఏ హోటలు?" అని ఇంగ్లీషులో అడిగెను. మేము అవివేకముగా హోటలు పేరు చెప్పివేసితిమి. వెంటనే అతడు, "నేను ఆ హోటలువాడనే, మీ కొరకే వచ్చితిని" అని మా పెట్టెపై చెయ్యి వేసెను. మేము అతని వెంట నాలుగు అడుగులు వేసితిమి కూడ.

అప్పుడు పెద్దగారు మా చొక్కా పట్టి లాగి, "అయ్యగారూ, నా పేరేంటో ఆయన్ని అడగండి" అనిరి. అడిగితిమి. అతడు తడబడి, కాగితము కారులో ఉన్నదనెను. "అయితే ఈయన కాదండి. మావాడు పేరు రాయిస్తానన్నాడు" అని పెద్దగారు అక్కడనే నిలిచిపోయిరి.

కొంచెము అవతల, ఒక స్తంభము ప్రక్కన, ఒకడు అట్ట పట్టుకొని నిలిచియుండెను. దానిమీద పెద్దగారి పేరు ఇంగ్లీషు అక్షరములతో ఉండెను. పెద్దగారు దానిని చదువలేరు, మేమే చదివి చెప్పితిమి. చదువగలిగిన మేము నమ్మలేదు. చదువలేని ఆయన, చూడకమునుపే నమ్మిరి. యోహాను సువార్త పదునాలుగవ అధ్యాయముమీద మేము ఎన్ని ప్రసంగములు చేసితిమో ఆ క్షణమున జ్ఞప్తికి వచ్చి సిగ్గుపడితిమి.

ప్రియులారా, ఇందులో మూడు సంగతులు గమనింపుడి.

మొదటిది, ఆలస్యమైనంత మాత్రమున మాట తప్పినట్లు కాదు. విమానపు నంబరు డ్రైవరు చేతిలో ఉండెను గనుక మేము ఎప్పుడు దిగుదుమో మాకంటె అతనికే బాగుగా తెలిసియుండెను. మనము ఆలస్యమని తలంచు దానిని గూర్చి పేతురు తన రెండవ పత్రిక మూడవ అధ్యాయములో ఏమి వ్రాసెనో చూడుడి.

రెండవది, వెల ముందే చెల్లెను. కారు ఎక్కగానే పెద్దగారు పంచె ముడి విప్పి మడతలు పెట్టిన నోట్లు తీసిరి. డ్రైవరు తల అడ్డముగా ఊపెను. ఆ దేశపు నాణెము దీనారు. ఒక దీనారు మన వంద రూపాయలకు మించిన విలువ గలది. మన నోట్లు అక్కడి అంగడిలో చెల్లవు. మన నీతిక్రియల మూటయు అట్టిదే. పరలోకపు త్రోవలో అది చెల్లదు. మనకు ఉచితమైనది ఊరక వచ్చినది కాదు. ఆ కుమారుడు తన చెమట సొమ్ము కట్టెను. మన ప్రభువు తన రక్తమునే చెల్లించెను.

మూడవది, మన వాడు మన పేరు ఎరిగినవాడు. మనము చెప్పిన మాటనే పట్టుకొని మనవాడనని చెప్పుకొనువారు లోకములో అనేకులు. రోగము, అప్పు, పిల్లల పెండ్లి అని మన కష్టమును మన నోటనే విని, "దానికొరకే దేవుడు నన్ను పంపెను" అని చేయి చాపువారు మన పల్లెలకును వచ్చుచున్నారు. గొఱ్ఱెలను పేరు పెట్టి పిలుచువాడెవరో పదియవ అధ్యాయములో చదివి తెలిసికొనుడి.

ఆ రాత్రి త్రోవ అంతయు దిగుడే. విమానాశ్రయము సముద్రమట్టమునకు ఏడు వందల మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. మృత సముద్రపు ఒడ్డు నాలుగు వందల ముప్పది మీటర్లకు మించిన లోతున ఉన్నది. ఇది సముద్రమట్టమని తెలుపు గుర్తు త్రోవ ప్రక్కన కనబడెను. దానిని దాటియు కారు దిగుచునే యుండెను. చెవులు మూసికొనిపోయెను. "ఇంకా దిగుతూనే ఉందేంటండీ?" అని పెద్దగారు అడిగిరి. త్రోవ డ్రైవరుకు తెలుసునని చెప్పితిమి. ఆయన ఇక మాటలాడక కన్నులు మూసికొనిరి. నీటి అవతల యెరికో వైపు దీపములు కనబడు వేళకు, హోటలు గుమ్మములో కుమారుడు వంటబట్టలతోనే నిలిచియుండెను.

2023లో ఆ పెద్దగారు ప్రభువునందు నిద్రించిరి. కడపటి దినములలో మేము మంచము ప్రక్కన కూర్చుండగా ఆయన మెల్లగా, "అయ్యగారూ, దారి దిగుతోందండి. ఫర్వాలేదు, పేరు రాయించే ఉంది" అనిరి. మేము వేరే ఓదార్పు చెప్పవలసిన పని లేకపోయెను.

ఆ కుమారుడు తాను రాలేక డ్రైవరును పంపెను. మన ప్రభువైతే తానే వత్తునని మాట ఇచ్చెను. దూరదేశములకు పనికి పోవు మన బిడ్డలను ఎదుర్కొనువారెవరో, వారి పేరేమో ముందుగా తెలిసికొని పంపుదము. దానికంటె ముందు, మన పేరు ఎవరి చేతిలో వ్రాయబడియున్నదో నేడే నిశ్చయపరచుకొందము.

ప్రార్థన: ప్రభువా, ఆలస్యమువలన సొమ్మసిల్లు మమ్మును క్షమించుము. పరుల స్వరము వెంట నాలుగు అడుగులు వేసిన మమ్మును వెనుకకు మరల్చుము. దిగు త్రోవలో మాతో నుండుము. ఆమేన్.