ఇంకో పావు చుట్టు

ఏప్రిల్, మే నెలల్లో ధర్మవరం, పెనుకొండ, హిందూపురం రోడ్ల పక్కన బానెట్ ఎత్తి నిలబెట్టిన కార్లు కొత్త దృశ్యమేమీ కాదు. నింద ముందు రేడియేటర్ మీదకే పోతుంది. అసలు దొంగ ఒక్కోసారి అరచేతిలో ఇమిడే మూత, థర్మోస్టాట్ హౌసింగ్. దాని లోపలుండే థర్మోస్టాట్‌లోని మైనం 80–90 డిగ్రీల వేడికి కరిగి, ఉబ్బి, వాల్వును తోస్తుంది. అప్పుడే కూలెంట్‌కు రేడియేటర్ దారి తెరుచుకుంటుంది. ఆ మూతకూ ఇంజన్‌కూ మధ్య ప్యాకింగ్ ఎండిపోయినా, వేడికి మూత వంకర తిరిగినా, ఒత్తిడి మీదున్న కూలెంట్ సందు వెతుక్కుంటుంది.

ఆ హౌసింగ్‌ను మార్చడం పెద్ద విద్య కాదు, లీకు లేకుండా మార్చడమే విద్య. భగవద్గీత ఇక్కడే అడ్డం తగులుతుంది. పని మీదే తప్ప ఫలం మీద అధికారం లేదని రెండో అధ్యాయంలో కృష్ణుడన్నాడు. మరి లీకు ఆగాలన్న ఫలం కోసమే కదా కారు షెడ్డుకొచ్చింది? దాన్ని కోరకుండా పానా పట్టుకోవడం ఎలా?

జవాబు పద్దెనిమిదో అధ్యాయంలో ఉంది. అక్కడ కర్తలు ముగ్గురు. తామసుడు సోమరి, వాయిదాల మనిషి. పాత ప్యాకింగ్ తునకలు గీకకుండా వాటి మీదే కొత్తది అతికించేది ఇతనే. ఫలితం దేవుడి చేతిలో ఉందనే మాట కూడా ఎక్కువగా ఇతని నోటే వినిపిస్తుంది!

రాజసుడి కథ వేరు. ఇతనికి ఫలం కావాలి, గట్టిగా కావాలి. లీకు వస్తుందేమోనన్న బెంగతో సిలికాన్ పేస్టు సన్నగా పూయాల్సిన చోట లావుగా పిండుతాడు. బోల్టు బిగించగానే అదనపు పేస్టు లోపలికి ఉబికి, తర్వాత ఊడి, కూలెంట్‌తో పాటు వెళ్లి రేడియేటర్ సన్నని గొట్టాల్లో ఇరుక్కుంటుంది. బోల్టు బిగువు సరిపోయాక కూడా చెయ్యి ఆగదు, ఇంకో పావు చుట్టు. అల్యూమినియంలో మరలు జారిపోతాయి, ప్లాస్టిక్ హౌసింగయితే చిట్లుతుంది. ఫలం మీద ఆశే ఫలాన్ని చెడగొట్టింది. గీతా వ్యాఖ్యానాల్లో ఈ సంగతిని ఎక్కువగా మనసు పరంగానే వివరిస్తారు గానీ, ఇక్కడది బోల్టు మరల్లో కనిపిస్తుంది.

సాత్త్వికుడికి ధృతి, ఉత్సాహం రెండూ ఉంటాయట. అతను ముందు ఇంజన్ రంధ్రంలో గుడ్డ కుక్కుతాడు, గీకిన పొట్టు లోపల పడకుండా. ఇనప బ్లేడు వాడడు, మెత్తటి అల్యూమినియం మీద పడిన గీత రేపు కూలెంట్‌కు కాలవవుతుంది. ఆపైన హౌసింగ్ అతుకు ముఖం మీద ఉక్కు స్కేలును అంచు మీద నిలబెట్టి, కింద ఫీలర్ గేజ్ రేకు దూరుతుందేమో చూస్తాడు. హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని లేపాక్షి ఆలయంలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి లాగి జనం మురిసిపోతారు. ఇక్కడ మాత్రం సన్నటి రేకు దూరినా హౌసింగ్ పక్కన పడేయాల్సిందే. బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి, కొంచెం కొంచెంగా, తయారీదారు చెప్పిన కొలత దాకానే బిగిస్తాడు. ఆరు మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణంగా అది 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కలే. కండబలం చూపించే చోటు కాదు.

తర్వాత పంపుతో ఒత్తిడి పెట్టి లీకు పరీక్షించడం ఫలాపేక్ష కాదా? కాదనే చెప్పాలి. పరీక్ష పనిలో భాగం. దాన్ని వదిలేసినవాడు ఫలాన్ని కాదు, పనినే వదిలేశాడు.

పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా కర్మాగారాన్ని ఏటా 3 లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యంతో కట్టారు, 2019లో అది లాంఛనంగా మొదలైంది. అలాంటి పెద్ద కర్మాగారాల్లో బోల్టుల బిగింపు లెక్క యంత్రాలు చూసుకుంటాయి. యంత్రానికి ఆశా లేదు, బెంగా లేదు. అలాగని దాన్ని కర్మయోగి అనలేం. ఇంకో పావు చుట్టు తిప్పాలనిపించినా ఆపుకున్న చేతికే ఆ మాట చెల్లుతుంది.

ఇక కారు యజమాని. ఇంజన్ చల్లారకముందే రేడియేటర్ మూత విప్పమని తొందరపెట్టేది చాలావరకు ఆయనే. వేడి మీద ఆ మూత తిప్పితే మరిగే కూలెంట్ మొహం మీదకు చిమ్ముతుంది. కొత్త కూలెంట్ పోశాక లోపలి గాలి పోయేదాకా ఇంజన్ నడపాలి, మళ్లీ చల్లారాక మట్టం చూడాలి, తగ్గితే నింపాలి. అంతసేపూ గడియారం చూసుకుంటూ షెడ్డు ముందు తచ్చాడే ఆయన ఆ ముగ్గురు కర్తల్లో ఏ కోవకొస్తాడో మెకానిక్‌ను అడిగితే తడుముకోకుండా చెప్తాడు.