మూత మీద సొట్ట



కొత్త సైకిలుకు మొదటి గీత పడినప్పుడు ప్రాణం ఎంత ఉసూరుమంటుందో మన పెద్దలకు తెలుసు. ఇప్పుడు ఆ స్థానంలోకి ల్యాప్‌టాప్ వచ్చింది. 2020లో బడులు, కళాశాలలు మూతబడి చదువు తెర మీదికి చేరినప్పటి నుండి, చెరకు బిల్లు కోసం ఎదురుచూసే ఇళ్ళలో కూడా అదొక తప్పనిసరి వస్తువైంది.

చోడవరం దగ్గర ఒక కుటుంబం. తండ్రి గోవాడ చక్కెర కర్మాగారానికి ఏళ్ళ తరబడి చెరకు తోలిన రైతు. కూతురు విశాఖలో ఇంజనీరింగు చదువుతోంది. బస్సు రద్దీలో సంచి జారిపడి ల్యాప్‌టాప్ మూత సొట్టబోయింది, అంచున రంగు లేచిపోయింది. యంత్రం మాత్రం ఎప్పటిలాగే పనిచేస్తోంది. మూత మార్చడానికి 7 వేలు అడిగారు. "ఏటి చెయ్యమంటారు ఫాదరుగారూ? నలుగురిలో దాన్ని తెరవడానికి పిల్ల సిగ్గుపడతాంది. అప్పు చేసైనా బాగుచేయించీమంటారా?" అని ఆ తండ్రి ప్రశ్న.

ముందుగా దెబ్బ ఎక్కడ తగిలిందో చూడాలి. మూత మధ్యలో సొట్ట కేవలం సొట్టే. కాని మడత దగ్గర చిన్న పగులు ఉంటే, తెరిచి మూసిన ప్రతిసారీ అది పెరుగుతుంది. చివరకు తెరకు వెళ్ళే తీగనే దెబ్బతీయవచ్చు. అడుగుభాగం ఉబ్బితే అది అందానికి సంబంధించిన లోపం కానే కాదు. లోపల బ్యాటరీ ఉబ్బుతోందని అనుమానించాలి. వెంటనే వాడకం, చార్జింగు ఆపి, తెలిసినవారి చేత తీయించాలి. అది నిప్పుతో చెలగాటం. పైకి కనిపించేదంతా పైపై విషయం కాదు. అలాంటి పగులుపై బొమ్మ అతికించి కప్పేస్తే, పాపసంకీర్తనకు వచ్చి అసలు పాపం దాచుకున్నట్టే!

పనికి అడ్డురాని సొట్టయితే అప్పు వద్దు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క వేసుకోవాలని లూకా సువిశేషంలో ప్రభువు చెప్పిన మాట మూతకూ వర్తిస్తుంది. ఆ 7 వేలకు వడ్డీ ఎంత, పరీక్ష ఫీజు గడువు ఎప్పుడు, ఇవి కూతురి ముందే చెప్పండి. ఆమె చిన్నపిల్ల కాదు. చేతిలో డబ్బు మిగిలి ఉండి బాగుచేయించుకుంటే మాత్రం తప్పేమీ లేదు. పండుగకు ముందు గుడికి సున్నం వేయించే మనం అందాన్ని పాపమనగలమా?

అయితే ఆ అమ్మాయి సిగ్గును కొట్టిపారేయకండి. "ఇదీ ఒక బాధేనా?" అని కసరకండి. పేదింటి పిల్లకు తరగతిలో ఆ సొట్ట తన ఇంటి పరిస్థితిని చాటుతున్నట్టు తోస్తుంది. ఆ చూపు ఆమెకు ఎవరు నేర్పారు? పండుగనాడు గుడి ముందు ఎవరి చీర ఖరీదెంతో కళ్ళతోనే లెక్కగట్టే మనం కాదా? గిన్నె వెలుపల తోమి లోపల వదిలేసే పరిసయ్యులను ప్రభువు గద్దించింది ఆ కాలం వారి కోసమే అనుకుంటే పొరపాటు.

ఉత్థాన క్రీస్తును తలచుకోండి. మరణాన్ని జయించిన మహిమ శరీరానికి మేకుల గుర్తులు చెరుపుకోవడం కష్టమా? ఆయన వాటిని ఉంచుకున్నాడు. తోమాకు వాటినే చూపించాడు. బస్సులో పడిన సొట్టను ఆ గాయాలతో పోల్చడం లేదు, అపార్థం చేసుకోవద్దు. గుర్తు పడినంత మాత్రాన విలువ తగ్గదని మాత్రం అక్కడ నేర్చుకుంటాం. ఆ మాట కూతురికి చెప్పవలసింది తండ్రే, అదీ కోపం లేకుండా.

ఇక చిన్న గీతకే కొత్తది కొన్న ఇళ్ళవారితో ఒక మాట. వాడిపారేసే అలవాటు గురించి ఫ్రాన్సిస్ జగద్గురువులు 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో గట్టిగా హెచ్చరించారు. మీ పాత ల్యాప్‌టాప్ బీరువాలో పడి ఉందా? మీ విచారణలోనే అరచేతిలోని ఫోనులో పాఠాలు చదువుతూ కళ్ళు నొప్పించుకునే పిల్లలు ఉండవచ్చు. బ్యాటరీ పరీక్ష చేయించి, మీ సొంత ఫోటోలు, ఖాతాలు పూర్తిగా తుడిపించి, విచారణ గురువులకు కబురు చేయండి. సొట్ట ఉంటే ఉండనివ్వండి.