పెరటి చెట్టు, పరాయి మందు

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనకొక సామెత ఉంది. దూరపు కొండలు నునుపని ఇంకొకటి. మొదటిది దగ్గరి దాన్ని చులకన చేసేవాణ్ణి ఎత్తిపొడుస్తుంది. రెండవది దూరపు దాన్ని చూసి భ్రమపడేవాణ్ణి హెచ్చరిస్తుంది. శస్త్రచికిత్స కోసం ఊరూ నాడూ విడిచి పోయే రోగి ఈ రెండు సామెతల మధ్య నిలబడి ఉంటాడు. నయమై తిరిగివస్తే అతని తెగువను మెచ్చుకుంటాం. వికటించి తిరిగివస్తే "ఎవరు పొమ్మన్నారు? ఇక్కడ డాక్టర్లు లేరా?" అంటాం. ఆపరేషన్ చేసిన ఆసుపత్రివారు అదే సంగతిని కాస్త మర్యాదగా చెబుతారు: "అన్నీ వివరించాం, సంతకం పెట్టారు కదా!" ఇంట్లో వాళ్ళూ ఆసుపత్రి వాళ్ళూ ఇలా చేతులు కడిగేసుకున్నాక మధ్యలో మిగిలేది ఆ రోగీ, అతని గాయమూ.

కోరి దూరం పోయినవాడికి జరిగిన చెడుకు బాధ్యత ఎవరిది? అతను కోరి వచ్చాడు గనుక ఎదుటివారి బాధ్యత తగ్గుతుందా, పెరుగుతుందా? దీన్ని న్యాయవాదులకు వదిలేస్తే చాలదు. చట్టం కంటే ముందు ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న.

ఈ ప్రశ్నను విచారించడానికి చెన్నపట్నం తగిన చోటు. ఇక్కడినుంచి వైద్యానికి విదేశాలకు పోయినవారూ ఉన్నారు, విదేశాలనుంచి వైద్యానికి ఇక్కడికి వచ్చినవారూ ఉన్నారు. 1984లో ఇరుగు పొరుగు రాష్ట్రాల ముఖ్యమంత్రులు ఇద్దరూ కొద్ది నెలల తేడాతో అమెరికాలో శస్త్రచికిత్స చేయించుకున్నారు. ఎన్.టి. రామారావు గారు గుండెకు, ఎం.జి. రామచంద్రన్ గారు మూత్రపిండానికి. విచిత్రమేమంటే గుండెకు బైపాస్ ఆపరేషన్ మన దేశంలో మొదట జరిగింది ఈ ఊరి పెరంబూరు రైల్వే ఆసుపత్రిలోనే, 1975లో, డాక్టర్ కె.ఎం. చెరియన్ చేతుల మీదుగా. మూత్రపిండ మార్పిడి ఇంకా ముందే, 1971లో, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలో విజయవంతంగా జరిగింది. అంటే రెండు చెట్లూ పెరట్లోనే ఉన్నాయి.

అంతమాత్రాన ఆ ఇద్దరినీ తప్పుపట్టడం న్యాయం కాదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎక్కడ మేలనిపిస్తే అక్కడికి పోవాలనుకోవడం మనిషి సహజం. స్తోమత ఉన్నవారు పోతారు, లేనివారు అప్పు చేసి పోతారు. కానీ రామారావు గారి అనుభవంలో మనకొక పాఠం ఉంది. ఆపరేషన్ బాగానే జరిగింది. దెబ్బ వేరే వైపునుంచి తగిలింది. ఆయన తిరిగివచ్చిన కొద్ది రోజులకే, ఆగస్టు 16న, గవర్నర్ రామ్‌లాల్ ఆయన ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించారు. రామారావు గారు చక్రాల కుర్చీలో రాష్ట్రపతి భవన్‌కు పోయి తన శాసనసభ్యులను చూపించుకోవలసి వచ్చింది. సెప్టెంబరు 16న గాని మళ్ళీ ముఖ్యమంత్రి కాలేదు. రోగి దూరం పోయినప్పుడు శరీరం ఒకచోట కోతకు లోనవుతుంటే, అతని బ్రతుకు ఇంకొకచోట కాపలా లేకుండా పడి ఉంటుంది. ముఖ్యమంత్రికి అది పదవి. మామూలు మనిషికి అది కోతకు వచ్చిన చేను, తాకట్టులో ఉన్న పుస్తెలతాడు, అత్తగారింట వదిలి వచ్చిన పసిపిల్ల. ఆసుపత్రి లెక్కలో ఇవేవీ కనబడవు.

ఆ తర్వాత గాలి తిరిగింది. చిత్తూరు జిల్లా అరగొండవారైన డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి 1983లో ఇక్కడ అపోలో ఆసుపత్రి నెలకొల్పారు. అమెరికా పోయి ఆపరేషన్ చేయించుకునే స్తోమత లేక తన దగ్గరి రోగి ఒకరు చనిపోవడమే అందుకు ప్రేరణ అని ఆయనే పలుమార్లు చెప్పారు. దూరం పోలేక చనిపోయిన మనిషి జ్ఞాపకంతో మొదలైన ఊరు, క్రమంగా దూరంనుంచి వచ్చేవారికి గమ్యమైంది. ఈనాడు గ్రీమ్స్ రోడ్డు చుట్టుపక్కల సందుల్లో బెంగాలీ బోర్డులున్న లాడ్జీలు, పూటకూళ్ళ హోటళ్ళు కనిపిస్తాయి. బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు, అరబ్బు దేశాలు, ఆఫ్రికా దేశాలనుంచి రోగులు వస్తారు. ఇందులో మనం గర్వించదగింది చాలా ఉంది. అడగవలసినదీ ఉంది.

మనవాళ్ళ సంగతి మరీ వింత. 1953 అక్టోబరు 1 దాకా నెల్లూరు, చిత్తూరు జిల్లాలకు రాజధాని ఈ ఊరే. సెంట్రల్ స్టేషనులో రైలు దిగి రోడ్డు దాటితే పెద్దాసుపత్రి. ఆనాటి రోగి తన రాజధానికి తాను వచ్చాడు. ఈనాడు అదే రైలు దిగే అతని మనుమడు పాస్‌పోర్టు లేకుండానే పరదేశి. తిరుపతిలోనూ నెల్లూరులోనూ పెద్ద ఆసుపత్రులు వెలసినా ఆ రాక ఆగలేదు. అతను దాటి వచ్చిన సరిహద్దు భాష.

నొప్పికి మన భాషలో ఎన్ని పేర్లు! సలుపు వేరు, పోటు వేరు, తీపు వేరు, మంట వేరు. గుంజుతున్నదంటే ఒకటి, పీకుతున్నదంటే ఒకటి, లాగుతున్నదంటే మరొకటి. ఈ తేడాలన్నీ తమిళంలోనూ ఉన్నాయి, ఏ భాషలోనైనా ఉంటాయి. కానీ హడావుడిగా దుబాసీ చేసేవాడి నోట అన్నీ కలిసి "వలి" అనే ఒక్క ముక్కగా మిగులుతాయి. డాక్టరుకు చేరేది ఆ ఒక్క ముక్కే. తిరుగు దారిలో ఇంకా ఘోరం. "నూటికి ఇంతమందికి కాలు పడిపోయే ప్రమాదం ఉంది" అని డాక్టరు అన్న మాట "భయమేం లేదన్నారు, దేవుడి మీద భారం వేయండి" అయి రోగి చెవిన పడుతుంది. ఈ దుబాసీలు ఎవరో కాదు. ఈ పట్నంలో స్థిరపడిన మనమే. ఊరినుంచి బంధువు వస్తాడు, రెండు భాషలూ వచ్చిన మేనల్లుడో పిన్నికొడుకో ఒక పూట సెలవు పెట్టి వెంట పోతాడు. రోగి బెదిరిపోకూడదన్న ప్రేమతోనే సగం మాట మింగేస్తాడు.

ఆ ప్రేమ చేసే అపకారం చిన్నది కాదు. 2008లో ఢిల్లీనుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చి చెప్పింది. పరీక్ష కోసమని ఒప్పుకుని మత్తులో ఉన్న స్త్రీకి, బయట ఉన్న తల్లి అనుమతి తీసుకుని గర్భాశయం తొలగించారు. తెలివి ఉన్న పెద్దమనిషి శరీరం మీద నిర్ణయం ఆ మనిషిదే, ప్రాణాపాయం ఉంటే తప్ప కన్నతల్లి అనుమతి కూడా దానికి బదులు కాదని కోర్టు అన్నది. కన్నతల్లికే లేని అధికారం సగం మాట మింగిన మేనల్లుడికి ఎక్కడిది? ఇంగ్లీషులో అచ్చయిన కాగితం మీద తెలుగులో పెట్టిన సంతకం, రోగి కలాన్ని పట్టుకున్నాడని మాత్రమే రుజువు చేస్తుంది. అతనికి తెలిసిందనీ, తెలిసి ఒప్పుకున్నాడనీ అది రుజువు చేయదు.

ఆపరేషన్ ఫలించిందా లేదా అన్నది ఎవరు తేల్చాలన్నది ఇంకొక చిక్కు. 2017 ఫిబ్రవరిలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియానుంచి ఇమాన్ అహ్మద్ అనే స్త్రీని అపారమైన స్థూలకాయంతో ముంబయికి విమానంలో తీసుకువచ్చారు. మార్చిలో శస్త్రచికిత్స జరిగింది. ఆమె బరువు ఎన్నో వందల కిలోలు తగ్గిందని ఆసుపత్రివారు ప్రకటించారు. మా అక్క మాట్లాడలేకపోతోంది, కదలలేకపోతోంది, చెప్పిన మాటలు నిజం కావని చెల్లెలు ఆరోపించింది. ఆసుపత్రివారు కాదన్నారు. మే నెలలో ఇమాన్‌ను అబూదాబీకి తరలించారు. సెప్టెంబరు 25న అక్కడే ఆమె కన్నుమూసింది. ఎవరు నిజం చెప్పారో తీర్పు చెప్పడం నా పని కాదు. నాకు కనిపించేది ఒకటే. ఆసుపత్రివారు త్రాసు చూశారు, చెల్లెలు మనిషిని చూసింది. ఇద్దరి కొలతలూ వేరు. ఏ కొలత ప్రకారం బాగుపడితే బాగుపడినట్టో ముందే కూర్చుని మాట్లాడుకోకపోతే, కోత ఎంత నిపుణంగా సాగినా రోగి మోసపోయాననే అనుకుంటాడు.

దీనికి ఒక గట్టి ఆక్షేపణ ఉంది. డాక్టరు దేవుడు కాడు. వంద మందికి చేస్తే కొందరికి వికటిస్తుంది. దూరంనుంచి వచ్చినవాడు తన ఇష్టంతో వచ్చాడు, డబ్బు చెల్లించాడు, సేవ అందుకున్నాడు. 1995లో సుప్రీంకోర్టు కూడా డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుందని తీర్పు చెప్పింది. రోగి కొనుగోలుదారు అయినప్పుడు కొనుగోలుదారు జాగ్రత్తే అతనికి రక్ష కావాలి గదా?

ఆ తీర్పు రోగికి మేలు చేసిందనడంలో సందేహం లేదు. నోరులేనివాడికి ఫిర్యాదు చేసే చోటు చూపించింది. కాని కొనుగోలు అన్నది గుమ్మం దాటగానే ముగిసే సంబంధం. చీర కొన్నవాడు రంగు దిగితే వెనక్కి తెస్తాడు. కోసి కుట్టిన కడుపును వెనక్కి తేవడం ఎట్లా? ఆళ్వారుపేటలో ఉండే రోగికి కుట్టు చీము పడితే ఆటో ఎక్కి వచ్చి డాక్టరు గది ముందు కూర్చుంటాడు, అవసరమైతే గొంతు పెంచుతాడు. ఢాకాకో ఒంగోలుకో తిరిగిపోయినవాడు ఏం చేస్తాడు? ఆ ఊరి డాక్టరు "ఎవరో చేసిన కోతలో నేను వేలు పెట్టను" అంటాడు. చేసినవారు "ఒకసారి వచ్చి చూపించండి" అంటారు. అతను ఇప్పుడు ఎవరి రోగీ కాడు. రోట్లో తల పెట్టి రోకటి పోటుకు వెరవకూడదని అతనికి చెప్పవచ్చు. కాని రోకలి పట్టుకున్నవాడికి కూడా ఒక మాట చెప్పాలి: ఆ తల తనంతట తాను లేచి పోలేదు.

అందుకే నా అభిప్రాయంలో దూరం బాధ్యతను పెంచుతుంది. ఎదుటివాడు ఎంత నిస్సహాయుడైతే మనకు అంత ఎక్కువ ధర్మం పడుతుందన్నది కొత్త సిద్ధాంతమేమీ కాదు. దగ్గరివాడికి తనను తాను కాపాడుకునే దారులు పది ఉంటాయి. దూరంనుంచి వచ్చినవాడికి ఆ పదీ లేవు. అతని దగ్గర ఉన్నది నమ్మకం ఒక్కటే, దాన్నే అతను ముందుగా ఇచ్చేశాడు.

ఇంతవరకు రోగి పక్షాన మాట్లాడాను. దూరం రోగిని కూడా కొన్ని పాపాలకు లోబరుస్తుందని చెప్పకపోతే మాట సగమే అవుతుంది. 1980లలో ఎమిరేట్స్, ఒమాన్ దేశాలనుంచి సుమారు 130 మంది రోగులు బొంబాయి వచ్చి మూత్రపిండాలు కొని వేయించుకున్నారు. వాళ్ళకేమైందో అక్కడి వైద్యులు 1990లో 'లాన్సెట్' పత్రికలో ప్రకటించారు. మొదటి ఏడాదిలోనే చాలామంది మరణించారు, కొందరికి హెచ్.ఐ.వి. కూడా సోకింది. ఇది కొన్నవారి కథ. అమ్మినవారి కథ మన ఊళ్ళోనే ఉంది. విల్లివాక్కాన్ని జనం కిడ్నీవాక్కమని పిలిచిన రోజులవి. 1994లో అవయవ వ్యాపారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. 2001లో చెన్నైలో మూత్రపిండం అమ్ముకున్న 305 మందిని పరిశోధకులు కలిశారు. నూటికి 96 మంది అప్పు తీర్చడానికే అమ్మారు. ఏళ్ళు గడిచినా నూటికి 74 మంది ఇంకా అప్పుల్లోనే ఉన్నారు. కుటుంబాల ఆదాయం మూడోవంతు పడిపోయింది. మరొకరికి ఈ పని చేయమని చెప్పబోమని నూటికి 79 మంది అన్నారు. 2004 సునామీలో సర్వం పోగొట్టుకుని ఎర్ణావూరు శిబిరాల్లో తలదాచుకున్న మత్స్యకార స్త్రీలు మూత్రపిండాలు అమ్ముకున్నారన్న వార్త 2007లో బయటపడింది.

దూరంనుంచి వచ్చిన రోగికి ఆ మనిషి ముఖం తెలియదు, తెలుసుకోవలసిన పని పెట్టుకోలేదు. ఎం.జి.ఆర్. అమెరికాలో ఉన్నప్పుడు మూత్రపిండం ఇచ్చింది ఆయన అన్నగారి కూతురు. ఇచ్చిన చేయీ పుచ్చుకున్న చేయీ ఒకదానికొకటి తెలుసు. ముఖం తెలియని చోట పుచ్చుకునేవాడికి కృతజ్ఞత ఉండదు, ఇచ్చినవాడికి తర్వాత ఏమైందన్న చింత ఉండదు. ఆసుపత్రి నన్ను మనిషిగా చూడలేదని ఫిర్యాదు చేసే రోగి, తన వైద్యంలో మరొకరిని తాను మనిషిగా చూశాడా అని అడుగుకోవాలి. ఈ రెండు ప్రశ్నలూ ఒకటే.

మన పెళ్ళిళ్ళలో అప్పగింతలని ఒక తంతు ఉంది. పిల్లను అత్తవారి చేతుల్లో పెట్టి కన్నవారు కంటతడి పెట్టుకుంటారు. అప్పగించేశాం గనుక మన పని అయిపోయిందని కన్నవారు అనుకోరు. మా చేతికి వచ్చింది గనుక ఏమైనా చేయవచ్చునని మంచి అత్తవారూ అనుకోరు. ఆ తంతులో ఇద్దరి బాధ్యతా పెరుగుతుంది. శస్త్రచికిత్సకు పరాయి ఊరికి పోవడం ఇలాంటి అప్పగింతే. ఆసుపత్రివారు అలా భావిస్తే చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. ఒప్పుదల పత్రం రోగి చదవగల భాషలో ఉండాలి. బంధువును కాక, శిక్షణ ఉన్న దుబాసీని కూర్చోబెట్టాలి. ఇంటికి పోయాక చూడబోయే డాక్టరు ఎవరో కోతకు ముందే తెలుసుకుని ఆయనతో మాట్లాడాలి. చెడు జరిగితే ఎత్తవలసిన ఫోను ఒకటి ఉండాలి, అవతల ఎవరో ఒకరు ఎత్తాలి.

మన వంతు కూడా ఒకటి ఉంది. రేపు ఊరినుంచి ఎవరో వస్తారు. మీరు వెంట పోతారు. డాక్టరు చెప్పింది మంచైనా చెడైనా ఒక్క ముక్క మింగకుండా, మన తెలుగులో, నిదానంగా రోగికే చెప్పండి. సలుపో పోటో అతన్నే అడిగి, ఆ తేడా డాక్టరుకు అర్థమయ్యేదాకా కుర్చీ వదలకండి. అన్నీ విన్నాక అతను వద్దని ఇంటికి తిరిగిపోతానంటే రైలు టిక్కెట్టు తీసి ఇవ్వండి. సరేనని ఒప్పుకుంటే, అప్పుడు ఆ సంతకం నిజంగా అతనిదవుతుంది.