రుషి రుణం, కంపెనీ ఆయుష్షు

"వందేళ్లు దాటి బతికిన కంపెనీకి కర్మ కూడా ఉంటాదేటి మాస్టారూ?"

అడిగింది మా రోలుగుంట చెరకు రైతు. ఐబీఎం సీఈవో అరవింద్ కృష్ణ మన తెలుగువాడేనని ఒక కుర్రాడు గొప్పగా చెబుతుంటే, ఆ కంపెనీ 1911 నాటిదని నేను అందించాను. దాని మీద ఆయన వేసిన ప్రశ్న ఇది. అందరూ నవ్వారు గానీ నాకు నవ్వి ఊరుకోదగ్గ ప్రశ్న అనిపించలేదు.

కర్మ కర్తను వదలదంటారు. మరి కంపెనీలో కర్త ఎవరు? పనిచేసినవాళ్లు వెళ్లిపోతారు, వాటాదార్లు మారతారు, చివరికి చేసే వస్తువే మారిపోతుంది. ఐబీఎం మొదట్లో త్రాసులు, హాజరు గడియారాలు, కార్డులకు చిల్లులు పొడిచి లెక్కకట్టే యంత్రాలు చేసేది. ఇంటింటికీ చేరిన పర్సనల్ కంప్యూటర్ వ్యాపారాన్ని 2005లో లెనోవోకి అమ్మేసింది. ఇక ఏది మిగిలిందని దాన్ని అదే కంపెనీ అంటున్నాం? అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ మీద ఒకప్పుడు బతికిన బౌద్ధ భిక్షువులను అడిగితే ఈ ప్రశ్నకు తడబడేవారు కారు. వాళ్ల సిద్ధాంతంలో మనిషికే మార్పులేని ఆత్మ అంటూ లేదు. అయినా చేసిన పని ఫలం ముందుకు సాగుతూనే ఉంటుంది. ఆత్మ లేని మనిషికి కర్మ ఉన్నప్పుడు ఆత్మ లేని కంపెనీకి ఎందుకుండదు?

కర్మ ఉందనుకుంటే, పరిశోధన చేసే కంపెనీకి అది ఏ రూపంలో ఉంటుంది? రుణం రూపంలో అని నేననుకుంటాను. తైత్తిరీయ సంహిత బ్రాహ్మణుడికి పుట్టుకతోనే మూడు రుణాలున్నాయంది. కులంతో పనిలేకుండా అది చదువుకున్న ప్రతివాడికీ వర్తిస్తుందన్నది నా అభిప్రాయం. దేవ రుణం యజ్ఞంతో, పితృ రుణం సంతానంతో, రుషి రుణం విద్యతో తీరుతాయి. పితృ రుణం, రుషి రుణం రెండూ తర్వాతి తరానికే చెల్లేవి. కాకపోతే పితృ రుణం సొంత వంశానికే చెల్లుతుంది. రుషి రుణానికి ఆ హద్దు లేదు. నేర్చినదాన్ని ఎవరు అందుకుంటే వాళ్లకే చెల్లినట్టు.

రుషి రుణం తీర్చిన కంపెనీకి మన దగ్గరి ఉదాహరణ హైదరాబాద్‌లోని ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్. పశ్చిమ గోదావరి మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు స్టాన్‌ఫర్డ్‌లో చదివి, హోమీ భాభా దగ్గర అణుశక్తి సంస్థలో ఎలక్ట్రానిక్స్ పని చేశారు. ఆ పని నుంచి 1967లో ఈసీఐఎల్ పుట్టింది. మాకు దగ్గర్లోని కృష్ణదేవిపేటలో సమాధి అయిన అల్లూరి సీతారామరాజు కుటుంబానిదీ ఆ మోగల్లే. ఆయన పేరు మా పక్క జిల్లాకు పెట్టారు. సాంబశివరావు పేరు హైదరాబాద్‌లో ఏఎస్ రావు నగర్ అయింది. అక్కడ ఈసీఐఎల్ అంటే సిటీ బస్సు బోర్డు మీద పేరు. ఆ బస్సు ఎక్కేవాళ్లలో ఎందరికి తెలుసు, మన దేశంలోనే రూపొందిన టీడీసీ-12 కంప్యూటర్‌ను 1969లో బయటికి తెచ్చింది ఆ సంస్థేనని? టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. దాని తర్వాత టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. విదేశీ యంత్రాల ముందు అవి నిలవలేదు. 1980లలో ప్రైవేటు కంపెనీలు విజృంభించాక కంప్యూటర్ అంటే ఈసీఐఎల్ అన్న మాటే పోయింది.

అంటే ఆ శ్రమంతా వృథాయేనా? వృథా కాదనడానికి నాకున్న సాక్ష్యం ఎన్నికల డ్యూటీ. ఓటింగ్ యంత్రం నమూనాను ఈసీఐఎల్ 1979లోనే తయారు చేసింది. ఇప్పుడు దేశానికి ఆ యంత్రాలు చేసిచ్చేవి రెండే సంస్థలు, బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్, ఈసీఐఎల్. ప్రిసైడింగ్ ఆఫీసరుగా తెల్లవారకముందే ఏజెంట్లను కూర్చోబెట్టి మాక్ పోల్ చేయించేవాణ్ణి. ఓట్లు వేయించి, ఫలితం చూపించి, లెక్క సరిపోయిందని అందరూ ఒప్పుకున్నాక క్లియర్ బటన్ నొక్కి, యంత్రంలో సున్నా ఉందని చూపించి సీలు వేయాలి. యంత్రానికి తనకంటూ ఏ ఇష్టమూ లేదని ఊరి ముందు రుజువు చేయడం అది. చేసినవాడి జాడ ఎక్కడా తగలకపోవడమే ఆ వస్తువు గొప్పతనం. కర్తృత్వం వదిలి పనిచేయమని గీత చెప్పేదానికి ఇంతకంటే దగ్గరగా వచ్చిన వస్తువును నేను చూడలేదు.

ఆ యంత్రం మీద అనుమానాలు లేవా అంటే, మొదటినుంచీ ఉన్నాయి. 1982లో కేరళలోని పరవూరులో తొలిసారి వాడితే, చట్టంలో చోటు లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ పోలింగ్ చెల్లదంది. 1988లో చట్టం మార్చారు. 2004 లోక్‌సభ ఎన్నికలు పూర్తిగా యంత్రాలతోనే జరిగాయి. ఆ తర్వాతా అనుమానాలు ఆగలేదు. 2013 నుంచి వీవీప్యాట్ వచ్చింది. ఓటరు ఎవరికి వేశాడో చూపే చీటీ ఏడు సెకన్లు అద్దం వెనక కనబడుతుంది. అనుమానించేవాళ్లను ద్రోహులంటే నేనొప్పుకోను. ఉపనిషత్తుల్లో శిష్యులు గురువును ప్రశ్నలతోనే నిలదీస్తారు. ప్రశ్న రుషి రుణం మీద వడ్డీ లాంటిది. అది కట్టడం మానేస్తే అసలుకే మోసం.

మళ్లీ ఐబీఎం దగ్గరికొస్తాను. సమాచారాన్ని పట్టికలుగా అమర్చి, వాటి సంబంధాలతో వెతుక్కునే పద్ధతిని 1970లో ఆ కంపెనీలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించాడు. దాన్ని అమ్మకానికి తేవడంలో సొంత ఇల్లే ఆలస్యం చేసింది. 1979లో ఆ పని చేసింది బయటి కంపెనీ, ఇప్పటి ఒరాకిల్. ఈరోజు బ్యాంకు ఖాతా చూసినా, రైలు టికెట్ కొన్నా మనం ఆ ఆలోచన మీదే నడుస్తున్నాం. వంశం దాటి చెల్లిన రుణమంటే ఇదే. కాడ్ మనకేమీ కాడు. అయినా ఆయన విద్యకు వారసులం మనమే.

వారసత్వం పుచ్చుకునేవాడు మంచి ఒక్కటే ఏరుకోలేడు. 1933లో నాజీ ప్రభుత్వం జనాన్ని లెక్కించిన చిల్లుల కార్డు యంత్రాలు జర్మనీలోని ఐబీఎం అనుబంధ సంస్థవే. మనుషుల్ని గడులుగా విడదీసే విద్య ఎవరి చేతుల్లోకి పోతుందో చూసుకోవడం కూడా ఆ రుణంలో భాగమే. అది చూసుకోకపోతే ఎన్ని నోబెల్ బహుమతులు వచ్చినా ఖాతా సరిపడదు. ఐబీఎం శాస్త్రవేత్తలకు 1986లోనూ, 1987లోనూ భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. అది నిజం, ఇదీ నిజం.

అందుకే ఆ రైతుకు నేనిచ్చిన జవాబు ఇది. కంపెనీకి కర్మ ఉంది, రుణం రూపంలో ఉంది. ఆ సీట్లో తెలుగువాడు కూర్చున్నాడన్న గర్వం మనకు ఆ రుణంలో భాగం ఇస్తుందే గానీ, ఆస్తిలో కాదు. ఎక్కువకాలం బతకడాన్ని గొప్పగా చెప్పుకుంటాం. నా దృష్టిలో దీర్ఘాయుష్షు అంటే రుణం తీర్చడానికి పొడిగించిన గడువు. ఎవరికి ఎంత నేర్పారు, ఎవరి ప్రశ్నలకు జవాబు చెప్పారు, చేసిన హానిని ఎంత ఒప్పుకున్నారు అన్నదే ఆ గడువులో లెక్క. ఎన్నేళ్లు బతికిందన్న సంఖ్య కంటే నాకది ముఖ్యం.