పోటీ బృందముల పొత్తు

కుందలహళ్ళి నేడు బెంగుళూరు మహానగరములో కలిసిపోయిన తూర్పు పేట. ఉద్యోగములకై వచ్చిన తెలుగు కుటుంబములు ఆ ప్రాంతమున చాలా కలవు. పాఠశాలలకును కొదువ లేదు. అట్టి చోట ఏటేటా నాటక పోటీలలో తలపడు రెండు పాఠశాలల బృందములు ఒక సంవత్సరము కలిసి సంగీత నాటకము ఆడదలచిన వనుకొన్నచో, తల్లిదండ్రు లెల్లరు సంతోషింతురు. మరునాడే ప్రశ్న పుట్టును: నాయక పాత్ర ఏ పాఠశాల పిల్లవానిది?

ఇది పిల్లల తగవు మాత్రమే కాదు. పేరు కొరకు పోటీపడుట తప్పా, ఒప్పా అను పాత ప్రశ్నయే.

బెంగుళూరుకు సుమారు 300 కిలోమీటర్ల దూరమున నున్న బళ్ళారి 1953లో మైసూరు రాష్ట్రమున చేరినది. అంతకు చాలాకాలము ముందే ఆ ఊరిలో రెండు తెలుగు నాటక సమాజములు పోటాపోటీగా నడచినవి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) గారి సరస వినోదినీ సభ యొకటి. కోలాచలం శ్రీనివాసరావు (1854–1919) గారి సుమనోరమ సభ రెండవది. ఇద్దరును న్యాయవాదులే. ఒకరు నాటకములలో పాటలు, పద్యములు చేర్చి ప్రజలను ఆకర్షించిరి. రెండవవారు చరిత్ర కథలపై మక్కువ చూపిరి. ఆ పోటీయే లేకున్న ఒక్క ఊరిలో అన్ని నాటకములు పుట్టియుండునా?

బళ్ళారి రాఘవ (1880–1946) రామకృష్ణమాచార్యులవారి మేనల్లుడు. ఆయనకు గొప్ప పేరు తెచ్చిన పాత్రలలో పఠాను రుస్తుం ఒకటి. ఆ నాటకము కోలాచలం వారిది! మేనల్లుడు ఎదుటి పక్షము వారి నాటకమున రాణించినందువలన మేనమామ కీర్తికి వచ్చిన లోటేమి? (నాటకములో పాటలు మితిమీరరాదని వాదించినవాడును ఆ మేనల్లుడే.)

అయితే కలయికలన్నియు ఒక్క తీరుగా ఉండవు. కాంట్రాక్టు నాటకముల కాలమున వేర్వేరు సమాజముల మేటి నటులను ఒకే వేదికపైకి తెచ్చెడివారు. ఒకే రాత్రి అంకమునకొక కృష్ణుడు. ఒకరు రాగము సాగదీసినచో తరువాతివారు అంతకు మించి సాగదీయవలెను; వన్స్ మోర్ కేకలతో తెల్లవారెడిది. వేదిక ఒక్కటే, టిక్కెట్టు ఒక్కటే. నాటకము మాత్రము ముక్కలు. వర్తకులకు ఇది తెలియని సంగతి కాదు. పొత్తు వ్యాపారములో లాభమును వాటాల ప్రకారము పంచుకొనవచ్చును గాని, బోర్డుపై ఎవరి పేరు ముందుండవలె నను చోటనే పొత్తులు చెడుట కలదు.

జైన శాస్త్రములు మానమును క్రోధ, మాయా, లోభములతో పాటు కషాయముగా లెక్కించినవి. అయినను పెక్కు ఆలయములలో తొలి పూజకు బోలి పలుకు ఆచారము కలదు. నెగ్గువాడు ఒక్కడే, ధనము మాత్రము ఆలయమునకు. అందు మానము దానముగా మారినదా, దానము చాటున పెరిగినదా అనునది పలికినవానికే తెలియవలెను. ఓడినవాడు ఆ పూజకు నిలిచి చేతులు జోడించునా, చెప్పులు తొడుగుకొని ఇంటికి పోవునా అనునది చూచిన ఇతరులకును కొంత తెలియును.

నాటకమునందును పరీక్ష అదియే. నాయక పాత్ర దక్కని పాఠశాలలోని మంచి గాయకుడు వెనుక వరుసలో నిలిచి బృందగానము పాడవలెను. ఒక బృందమునకు అయిదు శ్రుతి అలవాటు, ఇంకొకదానికి నాలుగు. హార్మోనియము ముందు కూర్చున్న మాస్టరు శ్రుతికి ఒక్క మెట్టునే పట్టగలడు. ఎవరో ఒకరు దిగవలెను, లేదా ఎక్కవలెను. కరపత్రముపై ఏ పాఠశాల పేరు ముందు అచ్చువేయవలెనని పెద్దలు ఇంకను తర్జనభర్జన పడుచుండగా, లోపలి గదిలో పిల్లలు నాలుగున్నరకు ఒప్పుకొని పాడుచుండిన ఆశ్చర్యము లేదు.