భాషాసమితి - మాటకు నేటి ధర

రాబర్ట్సన్‌పేట బజారులో నగల వ్యాపారము చేయు శ్రావకుడు ఉదయము దుకాణము తెరచి చేయు మొదటి పనులలో ఒకటి ఆనాటి బంగారము ధర విచారించుట. నిన్నటి ధర ఎంత బాగుగా జ్ఞాపకమున్నను ఆ ధరకు నేడు అమ్మడు, కొనడు. తండ్రినాటి ధర చెప్పి బేరమాడువానిని చూచి నవ్వును. అయితే ఆ శ్రావకుడే తన నోటి మాట విషయములో మాత్రము తాతనాటి ధరనే పట్టుకొని కూర్చుండును. "మా పెద్దలు ఈ మాటే వాడినారు, అప్పుడెవరును బాధపడలేదు" అనును. మాటకు కూడ ధర మారునని అతనికి తోచదు.

ఇందుకు నిదర్శనము కోలారు జిల్లాలోనే కలదు. ఇక్కడ ఒకే వీధిలో కన్నడము, తెలుగు, తమిళము వినబడును. 'కంపు' అను మాట కన్నడమువారికి పరిమళము, తెలుగువారికి దుర్వాసన. ప్రాచీనమైన తెలుగులో దానికి సువాసన అను అర్థమే ఉండెడిది. అక్షరములు మారలేదు, వాడుక మారినది. పూలమాల చూచి ఒకరు మెచ్చుకొనిన మాట ప్రక్కవారికి తిట్టుగా తోచును.

ఇంతకంటె గొప్ప మాటలకే ఈ గతి పట్టినది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోను, చిత్రదుర్గము జిల్లా బ్రహ్మగిరిలోను అశోక చక్రవర్తి శాసనములు బండలపై నేటికిని కలవు. వానిలో ఆయన బిరుదు 'దేవానాంప్రియుడు', అనగా దేవతలకు ప్రియమైనవాడు. తరువాతి సంస్కృత వ్యాకరణ సంప్రదాయములో ఆ బిరుదుకే మూర్ఖుడను అర్థము ఏర్పడినది. అశోకుడు ఏ మతమువారినైనను గౌరవముగా పేర్కొనిన 'పాషండ' శబ్దము పిమ్మట వేదబాహ్యులను నిందించు మాటయైనది. ఆ నిందను మోసినవారిలో జైనులును ఉన్నారు.

తెలుగునాట నిత్యము వినబడు తిట్లను విచారించినను ఇదే కథ. 'వెధవ' యనగా విధవ. ఒక స్త్రీ దుఃఖమును తెచ్చి లోకులు మగవానిపై తిట్టుగా విసరినారు. దుకాణములో కుర్రవాని చేతినుండి తక్కెడ జారిపడినంతనే ఆ మాట యజమాని నోట వచ్చును. లోపలి గదిలో అతని విధవయైన అక్కగారు దానిని వినుచునే ఉండును. 'ముండ' యన్నను తల గొరిగించుకొనినదనియే మొదటి అర్థము. దీక్ష గైకొను ముముక్షువు ముండితుడగుట చూచి సంఘమంతయు చేతులు జోడించును. విధవ తల గొరిగి, ఆ శబ్దమునే ఆమెపై తిట్టుగా వేసినది కూడ లోకమే. ముండనము ఒక్కటే, చూచు మనస్సు వేరు.

ఇక గనుల సంగతి. 1880 నుండి జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ గనులు నడిపినది. భూమిలో వేల అడుగుల లోతునకు దిగి పనిచేసినవారిలో పెక్కురు మద్రాసు ప్రెసిడెన్సీ పల్లెలనుండి వచ్చినవారు, అంటరానివారని ఊరిబయట ఉంచబడినవారు. వారి నివాసములకు 'కూలీ లైన్లు' అని పేరు. తెలుగులోను తమిళములోను కూలి యనగా కష్టమునకు తగిన ప్రతిఫలము. అందు అవమానము లేదు. ఆ మాటే దొరల నోట బడి తిరిగివచ్చునప్పటికి మనిషిని తక్కువచేయు మాటయైనది. దక్షిణ ఆఫ్రికాలో గాంధీజీని తెల్లవారు 'కూలీ బారిస్టరు' అనిరి.

ఈ శ్రామికులు తమకు ఇతరులు పెట్టిన పేర్లను ఊరకే మోయలేదు. అయోతిదాసు పండితులు స్థాపించిన శాక్య బౌద్ధ సంఘమునకు మారికుప్పములో శాఖ ఉండెను. 1917లో విజయవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన కూడిన సభ 'పంచములు' అను పేరు విడిచి 'ఆది ఆంధ్రులు' అను పేరు కోరినది. 1922లో మద్రాసు ప్రభుత్వము 'ఆది ఆంధ్ర', 'ఆది ద్రావిడ' అను పేర్లను అంగీకరించినది. 1930ల ఆరంభములో గాంధీజీ వ్యాప్తికి తెచ్చిన 'హరిజన' శబ్దము సద్భావముతో పుట్టినదే. అయినను అది దయచూపు మాటగా ఉన్నదని ఆ జనులే అభ్యంతరము చెప్పిరి. 1982లో కేంద్ర ప్రభుత్వము కుల ధ్రువపత్రములలో దానిని వాడవద్దని ఆదేశించినది. 1989 నాటి చట్టము ప్రకారము షెడ్యూల్డు కులములవారిని, తెగలవారిని అవమానించు ఉద్దేశముతో పదిమందిలో కులము పేరెత్తి దూషించుట నేరము.

"ఈనాడు మంచిదన్న మాట రేపు చెడ్డదగును. ఎన్నిసార్లు మార్చుకొనవలెను?" అని కొందరు విసుగుకొందురు. మాట దానంతట అది చెడదు. మానకషాయము, అనగా గర్వము, దానిని చెరచును. మాట మార్చి మనస్సు మార్చనివాడు రాగికి బంగారు పూత పూసినవాడు. కొన్నాళ్లకు పూత అరిగి రాగి బయటపడును. అందువలన పాత మాట విడువవలెను, దానిని చెరచిన గర్వమును కూడ విడువవలెను. ఒకటి చేసి రెండవది మానినచో లాభము లేదు.

తత్త్వార్థసూత్రము సత్యాణువ్రతమునకు చెప్పిన అతిచారములలో దొంగ పత్రము వ్రాయుట, నమ్మి దాచిన సొమ్ము అపహరించుట ఉన్నవి. వర్తకులైన శ్రావకులు ఈ రెండింటి విషయములో మిక్కిలి జాగ్రత్తగా ఉందురు. లెక్కపుస్తకములో ఒక పైస తేడా వచ్చినను నిద్రపోరు. కాని నాలుక చేయు లెక్క ఎవరు చూచుచున్నారు? దశవైకాలిక సూత్రము ఏడవ అధ్యయనమునకు వాక్యశుద్ధి అని పేరు. ఒంటికన్ను వానిని ఆ లోపముతో పిలువరాదనియు, దొంగను కూడ దొంగా అని పిలువరాదనియు అందు మునులకు విధింపబడినది. అది నిజమే గదా యన్నను ఒప్పదు. బాధించు నిజము పలుకరాదు. కొన్ని హీనమైన పిలుపులను కూడ అచ్చట నిషేధించిరి. అవి ఆయా దేశముల వాడుకనుబట్టి నిష్ఠురములని వ్యాఖ్యాతలు వివరించిరి. అనగా మాట విలువను పలుకువాడొక్కడే నిర్ణయింపజాలడు. చోటు, కాలము, వినువాని మనస్సు నిర్ణయించును. మరి ఎట్లు పిలువవలెను? పేరుతోనో గోత్రముతోనో తగినట్లు పిలువుమని సూత్రము చెప్పును. పర్యూషణములో కల్పసూత్రము విన్నవారు ఇంకొకటి ఎరుగుదురు. సిద్ధార్థ మహారాజు త్రిశలాదేవిని 'దేవానుప్రియా' అని పిలిచెను. తన సేవకులను కూడ ఆ మాటతోనే పిలిచెను.

ఈ గనుల ఊరిలో ఒక దుకాణమును ఊహింపవచ్చును. గద్దెపై వృద్ధుడైన సేఠు, ప్రక్కన చదువుకొనిన మనవరాలు. గనులు 2001లో మూతబడినవి. ఆనాటి శ్రామికుని మనవడు ఇప్పుడు ప్రతిదినము రైలులో బెంగుళూరు వెళ్లి ఉద్యోగము చేయుచున్నాడు. చెల్లెలి పెండ్లికి గొలుసు కొనుటకు వచ్చినాడు. సేఠు ఆనవాలు పట్టి, "ఏరా, కూలీ లైను వాడి మనవడివి గదా!" అని నవ్వినాడు. యువకుని ముఖము చిన్నబోయినది. "మళ్లీ వస్తానండి" అని వెళ్లిపోయినాడు.

"ప్రేమతోనే అన్నాను గదమ్మా" అన్నాడు వృద్ధుడు.

"దాదాజీ, మిమ్ములను 'వడ్డీ సేఠు' అని పిలిచి, ప్రేమతోనే అన్నామంటే ఊరుకొంటారా?" అని అడిగినది మనవరాలు.

వృద్ధుడు బదులు చెప్పలేదు. 'సేఠు' మాట 'శ్రేష్ఠి' నుండి వచ్చినది. శ్రేష్ఠుడని అర్థము గల ఆ మాట కొందరి నోట ఎట్లు వంకరపోవునో అతడు తన చెవులతో విన్నవాడే. సాయంకాలము కర్ర ఊతగా పట్టుకొని ఆ యువకుని ఇంటికి వెళ్లినాడు. నలువది ఏండ్లు ఆ ఇంటివారి తాకట్టు లెక్కలు వ్రాసినవాడు గుమ్మములో నిలిచి, మొదటిసారి అడిగినాడు: "బాబూ, మీ పేరేమిటి?"

సంవత్సరి నాడు శ్రావకుల ఇండ్లలో 'మిచ్ఛామి దుక్కడం' అను మాట ఎన్నిమార్లో పలుకబడును. రాజస్థానములోని బంధువులకు, మద్రాసులోని వియ్యంకులకు క్షమాపణ పత్రములు పోవును. వారికి చేసిన అపకారము తరచుగా ఏమియు ఉండదు. ఏడాది పొడుగున 'వెధవా' అని తిట్లు తినిన కుర్రవాడు మాత్రము ఆనాడును దుకాణము ఊడ్చుచునే ఉండును. క్షమాపణ మొదట చేరవలసిన విలాసము దూరదేశమున లేదు, గద్దె ముందే ఉన్నది. ఆ కుర్రవానిని పేరుపెట్టి పిలిచి, చేతులు జోడించి చెప్పిననాడే ఆ పలుకు ప్రతిక్రమణమగును.